పంచాయతీ ఎన్నికల తేదీ ఎవరి చేతిలో ఉండాలి?

తూర్పుగోదావరి జిల్లా కోరుకొండ మండలంలో ఓటరుకు స్థానిక పాలన కింద నాలుగు ఓట్లున్నాయి. సర్పంచికి ఒకటి, వార్డు మెంబరుకు ఒకటి, మండల పరిషత్ సభ్యుడికి (ఎంపీటీసీ) ఒకటి, జిల్లా పరిషత్ సభ్యుడికి (జెడ్పీటీసీ) ఒకటి. చట్టం ప్రకారం ఈ నాలుగూ అయిదేళ్లకోసారి వేయాలి. మొదటి రెండూ 2013 జులై తర్వాత మళ్లీ 2021 ఫిబ్రవరిలో పడ్డాయి. మిగిలిన రెండూ 2014 ఏప్రిల్ తర్వాత 2021 ఏప్రిల్‌లో పడ్డాయి. ఆ ఏప్రిల్ పోరుకు నామినేషన్లు వేసింది మాత్రం 2020 మార్చిలో, ఓట్లు లెక్కపెట్టింది 2021 సెప్టెంబరులో. పక్కనే ఉన్న రాజమహేంద్రవరం నగరానిది ఇంకో కథ. అక్కడ 2014లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2019లో ముగిసింది. చుట్టుపక్కల పంచాయతీల విలీనం తేలక, 2021లో రాష్ట్రంలోని ఇతర నగరాలు ఓటేసినప్పుడు ఆ నగరం ఓటేయలేదు.

స్థానిక ఎన్నికలు ఎప్పుడు పెట్టాలన్న తగవు రెండు దశాబ్దాలుగా తెలుగు రాష్ట్రాల్లో నడుస్తోంది. ఎన్నికల కమిషన్, రాష్ట్ర ప్రభుత్వం, పార్టీల వాదనలు, న్యాయస్థానాల తీర్పులు ఇందులో ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. ఇప్పుడు లోక్‌సభ, శాసనసభలకు ఒకేసారి ఓటు పెట్టే జమిలి ఎన్నికల ప్రతిపాదన కూడా దీనికి తోడైంది. ఎవరి వాదన ఎక్కడ మొదలైంది, ఎంతవరకు నిలబడింది, ఇంకా తేలాల్సినవి ఏమిటన్నది ఒకచోట చేర్చి చూడాల్సిన సమయం ఇది.

అయిదేళ్ల చట్టం, ఎనిమిదేళ్ల ఆచరణ

ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో మొదలైంది. రాజస్థాన్ తర్వాత దేశంలో ఆ పని చేసిన రాష్ట్రం మనదే. కానీ ఎన్నికలు ఎప్పుడు పెట్టాలన్నది పూర్తిగా ప్రభుత్వం ఇష్టం మీదే నడిచింది. 1970లో గ్రామపంచాయతీలకు ఎన్నికలు జరిగాక మళ్లీ 1981 దాకా లేవు. గడువు పొడిగించడం, కుదరనప్పుడు అధికారులకు అప్పగించడం మామూలు వ్యవహారమైంది. ఎన్టీ రామారావు ప్రభుత్వం మండలాలు ఏర్పాటుచేసి 1987లో పరిషత్తులకు నేరుగా ఎన్నికలు పెట్టాక గ్రామాల్లో రాజకీయం వేడెక్కింది. తేదీ మాత్రం సచివాలయంలోనే ఉండిపోయింది.

73వ రాజ్యాంగ సవరణ ఈ పరిస్థితిని మార్చాలని వచ్చింది. 1993 ఏప్రిల్ 24న అది అమల్లోకి వచ్చింది. 243ఇ అధికరణ పంచాయతీకి అయిదేళ్లకు మించి ఒక్కరోజు కూడా ఇవ్వలేదు, గడువు ముగిసేలోపే కొత్త ఎన్నిక పూర్తికావాలంది. 243కె అధికరణ ఓటర్ల జాబితా తయారీనీ, ఎన్నికల నిర్వహణనూ రాష్ట్ర ఎన్నికల కమిషన్‌కు అప్పగించింది. కమిషనర్‌ను తొలగించాలంటే హైకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతే పాటించాలంది. నియామకం తర్వాత ఆయన సర్వీసు నిబంధనలను ఆయనకు నష్టం కలిగేలా మార్చకూడదనీ రాసింది. పట్టణాలకు 74వ సవరణ ఇదే ఏర్పాటు చేసింది.

ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ గ్రామపంచాయతీలకు ఎన్నికలు జరిగిన ఏళ్లు: 1995, 2001, 2006, 2013, 2021. మధ్య ఎడం ఆరేళ్లు, అయిదేళ్లు, ఏడేళ్లు, ఎనిమిదేళ్లు. నాలుగింటిలో ఒక్కసారే లెక్క సరిపోయింది. ఈ ఆలస్యాల్లో కాంగ్రెస్‌కు వాటా ఉంది, తెలుగుదేశానికి ఉంది, వైఎస్సార్ కాంగ్రెస్‌కూ ఉంది. 2011లో సర్పంచుల గడువు ముగిసినప్పుడు ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వం. రెండేళ్లు ప్రత్యేకాధికారులే గ్రామాలను నడిపారు. 2018 ఆగస్టులో గడువు ముగిసినప్పుడు ఉన్నది తెలుగుదేశం ప్రభుత్వం. 2019 మేలో వైఎస్సార్ కాంగ్రెస్ వచ్చింది. ప్రత్యేకాధికారుల పాలన ఇద్దరి హయాంలోనూ సాగింది.

ప్రతిసారీ చెప్పిన కారణాల్లో పెద్దది రిజర్వేషన్లు. 2010 మేలో కె. కృష్ణమూర్తి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్థానిక సంస్థల్లో మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదనీ, వెనుకబడిన తరగతుల కోటాకు గణాంకాల ఆధారం ఉండాలనీ చెప్పింది. ఆ తర్వాత కూడా ప్రభుత్వాలు ఈ గీత దాటబోవడం, వ్యవహారం కోర్టుకెక్కడం మానలేదు. 2019 డిసెంబరులో జగన్మోహన్‌రెడ్డి ప్రభుత్వం 59.85 శాతం రిజర్వేషన్లతో జీవో ఇచ్చింది. 2020 మార్చి 2న హైకోర్టు దాన్ని కొట్టేసింది. బీసీల కోటా 34 నుంచి సుమారు 24 శాతానికి తగ్గింది.

తెలంగాణలోనూ ఇదే వరస. 2019 జనవరిలో ఎన్నికైన సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. 2025 సెప్టెంబరు నెలాఖరులోగా ఎన్నికలు పూర్తిచేయాలని హైకోర్టు గడువు పెట్టాల్సి వచ్చింది. బీసీలకు 42 శాతం ఇస్తూ సెప్టెంబరు 26న వచ్చిన జీవో 9పై అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇచ్చింది. చివరికి 50 శాతం పరిమితికి లోబడి డిసెంబరు 11, 14, 17 తేదీల్లో పోలింగ్ జరిగింది. అంటే అక్కడి గ్రామాలు దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల కింద గడిపాయి.

2020–21: పద్దెనిమిది నెలల పేచీ

ఈ వివాదం మొత్తం ఒకేచోట కనిపించేది 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబరు దాకా ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన చరిత్రలో. కాస్త వివరంగానే చూడాలి.

2020 మార్చి 7న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్‌కుమార్ షెడ్యూలు ప్రకటించారు. పరిషత్తులకు మార్చి 21న, పట్టణాలకు 23న, పంచాయతీలకు 27, 29న పోలింగ్. మూడు వారాల్లో రాష్ట్రంలోని స్థానిక సంస్థలన్నీ తేలిపోవాలన్నమాట. మార్చి 31లోగా పాలకవర్గాలు లేకపోతే 14వ ఆర్థిక సంఘం నిధులు సుమారు 5 వేల కోట్లు పోతాయన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. నామినేషన్ల దశలోనే దౌర్జన్యాలు జరుగుతున్నాయని ప్రతిపక్షాలన్నీ ఫిర్యాదులు చేశాయి. ఉపసంహరణల గడువు ముగిసేసరికి రెండు వేలకు పైగా ఎంపీటీసీ స్థానాలు ఏకగ్రీవమయ్యాయి.

మార్చి 15న కమిషనర్ కరోనా కారణంగా ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేశారు. తమను సంప్రదించలేదని ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. మార్చి 18న కోర్టు వాయిదాలో జోక్యం చేసుకోలేదు. ప్రవర్తనా నియమావళి ఎత్తేయమంది. మళ్లీ తేదీలు ఇచ్చే ముందు ప్రభుత్వంతో సంప్రదించమని చెప్పింది. పోలింగుకు నాలుగు వారాల ముందు కోడ్ తిరిగి అమల్లోకి తేవాలనీ ఆ ఉత్తర్వులో ఉంది. ఈ చివరి మాట ఏడాది తర్వాత పెద్ద తగవుకు మూలమైంది.

ఏప్రిల్ 10న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కమిషనర్ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించింది. ఆ లెక్కన రమేష్‌కుమార్ గడువు అయిపోయింది. మర్నాడే జస్టిస్ వి. కనగరాజ్ కమిషనర్ అయ్యారు. మే 29న హైకోర్టు ఆర్డినెన్సును కొట్టేసింది. జులై నెలాఖరులో గానీ రమేష్‌కుమార్ తిరిగి ఆ కుర్చీలో కూర్చోలేదు.

ఆ శీతాకాలంలో పాత్రలు తారుమారయ్యాయి. మార్చిలో ఎన్నికలు జరగాల్సిందేనన్న ప్రభుత్వం నవంబరులో కరోనా తగ్గలేదు, కుదరదంది. మార్చిలో ఆపమన్న పార్టీలు ఇప్పుడు పెట్టమన్నాయి. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరుపుతామని కమిషనర్ చెప్పగానే, పరిస్థితి అనుకూలంగా లేదని అప్పటి ప్రధాన కార్యదర్శి నీలం సాహ్ని లేఖ రాశారు. అయినా జనవరి 8న షెడ్యూలు వచ్చింది. 11న హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని నిలిపేశారు. 21న డివిజన్ బెంచి ఆ ఉత్తర్వు పక్కనబెట్టింది. వ్యాక్సినేషన్ మొదలైంది, సిబ్బంది చాలరని ప్రభుత్వం, ఉద్యోగ సంఘాలు సుప్రీంకోర్టు తలుపు తట్టాయి. జనవరి 25న కోర్టు ఆ పిటిషన్లు తోసిపుచ్చింది. అదేరోజు తొలి విడత నామినేషన్లు మొదలుకావాలి. చాలాచోట్ల తీసుకునేవారే లేకపోయారు. దాంతో తేదీలు జరిగి ఫిబ్రవరి 9, 13, 17, 21 అయ్యాయి.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోవాలి. 2021 ఓటర్ల జాబితా సిద్ధం కాలేదు కనుక 2019 జాబితాతోనే ఎన్నికలు జరిగాయి. 18 ఏళ్లు నిండిన సుమారు 3.6 లక్షల మంది ఓటు వేయలేకపోయారు. తేదీ కోసం కోర్టుల్లో ఎడతెగని పోరు చేసినవాళ్లెవరూ ఆ జాబితా కోసం అంత పట్టుబట్టలేదు.

మార్చి 10న పట్టణాల్లో పోలింగ్ ముగిసింది. మార్చి ఆఖరుకు రమేష్‌కుమార్ పదవీకాలం అయిపోయింది. ఏప్రిల్ 1న నీలం సాహ్ని కమిషనర్‌గా బాధ్యతలు తీసుకుని, అదేరోజు పరిషత్ ఎన్నికలకు ఏప్రిల్ 8వ తేదీ ఖరారు చేశారు. ఏడాది కిందట ఆగిన చోటి నుంచే, పాత ఏకగ్రీవాలతో సహా. దీంతో తెలుగుదేశం ఎన్నికలను బహిష్కరించింది. నాలుగు వారాల కోడ్ మాట ఏమైందని కొందరు హైకోర్టుకు వెళ్లారు. ఏప్రిల్ 6న సింగిల్ జడ్జి స్టే, 7న డివిజన్ బెంచి పోలింగుకు అనుమతి, 8న పోలింగ్. మే 21న ఎన్నికే చెల్లదని సింగిల్ జడ్జి తీర్పు, సెప్టెంబరు 16న డివిజన్ బెంచి దాన్ని రద్దుచేసి లెక్కింపునకు అనుమతి. సెప్టెంబరు 19న పెట్టెలు తెరిచేసరికి కొన్నిచోట్ల బ్యాలెట్ పత్రాలు తడిసి, చెదలు పట్టి ఉన్నాయి.

పార్టీల వైఖరిని పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. 2020 మార్చిలో అధికారపక్షానికి ఎన్నికలు కావాలి, ప్రతిపక్షానికి వద్దు. 2020 నవంబరులో అధికారపక్షానికి వద్దు, ప్రతిపక్షానికి కావాలి. 2021 ఏప్రిల్‌లో మళ్లీ మొదటికే. పదమూడు నెలల్లో ఇటువారు అటు, అటువారు ఇటు. ఈ మూడు దశల్లోనూ కరోనా ఉంది, చట్టం ఒక్కటే ఉంది. మారింది కమిషనర్ కుర్చీలో ఎవరున్నారు, గాలి ఎటు వీస్తోందన్న అంచనా మాత్రమే.

ఎవరి వాదన ఏమిటి

కమిషన్ మాటే తుది మాట అనే వాదనకు 2006 నాటి కిషన్‌సింగ్ తోమర్ తీర్పు పట్టుగొమ్మ. అహ్మదాబాద్ నగరపాలక ఎన్నికల ఆలస్యంపై వచ్చిన కేసు అది. గడువు ముగిసేలోపు ఎన్నిక జరపడం కమిషన్ రాజ్యాంగ బాధ్యత అనీ, కేంద్ర ఎన్నికల సంఘం మాట విన్నట్టే ప్రభుత్వాలు రాష్ట్ర కమిషన్ మాట వినాలనీ, వినకపోతే కమిషన్ కోర్టుకు వెళ్లవచ్చనీ సుప్రీంకోర్టు చెప్పింది. 2022 మేలో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన సురేష్ మహాజన్ కేసులో ఇంకో అడుగు వేసింది. వార్డుల విభజన, బీసీ గణాంకాల కసరత్తు పూర్తికాలేదని ఎన్నికలు ఆపొద్దంది. రాజ్యాంగం అక్షరాలా చదివితే ఈ వాదనే బలమైనది.

ఎన్నికైన ప్రభుత్వాన్ని పక్కనపెట్టి తేదీ పెట్టడమేమిటన్నది ఎదుటి వాదన. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. పోలింగ్ సిబ్బంది టీచర్లు, సచివాలయ ఉద్యోగులు. బందోబస్తు రాష్ట్ర పోలీసులది. ఖర్చు రాష్ట్ర ఖజానాది. మార్చిలో పది, ఇంటరు పరీక్షలు. గోదావరి జిల్లాల్లో ఏప్రిల్‌లో దాళ్వా కోతలు, జులై, ఆగస్టుల్లో వరద. ఇవన్నీ తెలిసింది జిల్లా యంత్రాంగానికి. సుప్రీంకోర్టు కూడా 2020 మార్చిలో సంప్రదింపు అవసరమనే చెప్పింది. కాకపోతే సంప్రదింపు అంటే అంగీకారం కాదు. 2021 జనవరి 25 నాటి తీర్పుతో ఆ తేడా స్పష్టమైంది. సంప్రదింపును ఆపే హక్కుగా మార్చుకోవాలని చూసినప్పుడే ఈ వాదన బలహీనపడుతోంది.

మూడో వాదన సామాజిక న్యాయం వైపు నుంచి వస్తుంది. బీసీల వాటా తేలకుండా ఎన్నికలు పెడితే నష్టపోయేది ఆ వర్గాలే కనుక, ఆలస్యమైనా న్యాయమే ముందంటారు. కోరుకొండ లాంటి మండలంలో ఒక వార్డు ఎవరికి రిజర్వు అయిందన్నది ఒక తరం రాజకీయ భవిష్యత్తును తేల్చే విషయం. ఆ బాధ నిజమైనది. కానీ గణాంకాలు సేకరించాల్సింది ప్రభుత్వమే. 2010లో తీర్పు వచ్చింది, 2021లో వికాస్ కిషన్‌రావ్ గవలీ తీర్పు ప్రత్యేక కమిషన్, స్థానిక సంస్థవారీ లెక్కలు, 50 శాతం పరిమితి అనే మూడు మెట్లు చెప్పింది. ఇన్నేళ్లలో ఆ లెక్కలు ముందుగానే తీసి పెట్టుకున్న ప్రభుత్వం తెలుగునాట లేదు. కసరత్తు మొదలయ్యేది గడువు ముగిశాకే. బీసీల పేరుతో ఎన్నిక ఆగినప్పుడు, ఆ ఖాళీ కాలంలో బీసీ సర్పంచి కూడా ఉండడు, ప్రత్యేకాధికారి ఉంటాడు.

అసలు ఎవరి ఇష్టమూ లేకుండా తేదీని చట్టంలోనే రాసేయాలనే నాలుగో వాదన మన దగ్గర ఇంకా పెద్దగా చర్చకు రాలేదు. బ్రిటన్‌లో స్థానిక ఎన్నికలు మామూలుగా మే నెల మొదటి గురువారం జరుగుతాయి. ఆ రోజు ఎవరిదీ కాదు కనుక దాని మీద పోట్లాట తక్కువ.

జమిలి: ఢిల్లీ క్యాలెండరు, గ్రామ క్యాలెండరు

రాష్ట్రానికీ కమిషన్‌కూ మధ్య ఉన్న ఈ తగవులోకి ఇప్పుడు జాతీయ పార్టీలు, ప్రాంతీయ పార్టీల తగవు వచ్చి చేరింది. జమిలిపై మాజీ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ కమిటీ 2024 మార్చి 14న ఇచ్చిన నివేదిక లోక్‌సభ, శాసనసభలకు ఒకేసారి, ఆ తర్వాత వంద రోజుల్లోగా స్థానిక సంస్థలకు ఎన్నికలు జరపాలంది. అందరికీ ఒకే ఓటర్ల జాబితా ఉండాలంది. 47 పార్టీలు అభిప్రాయం చెప్పగా 32 సమర్థించాయి, 15 వ్యతిరేకించాయి. జాతీయ పార్టీల్లో బీజేపీ అనుకూలం. కాంగ్రెస్, సీపీఎం, ఆమ్ ఆద్మీ, బీఎస్పీ వ్యతిరేకం. తెలుగు రాష్ట్రాల్లో అధికారం అనుభవించిన మూడు ప్రాంతీయ పార్టీలు తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, బీఆర్ఎస్ కమిటీకి అభిప్రాయమే పంపలేదు. ఇంత పెద్ద ప్రశ్నపై మన పార్టీల మౌనం విచారించదగ్గది. 2024 డిసెంబరు 17న 129వ రాజ్యాంగ సవరణ బిల్లు లోక్‌సభలో ప్రవేశపెట్టినప్పుడు 269 మంది అనుకూలంగా, 198 మంది వ్యతిరేకంగా ఓటేశారు. ఎన్డీయేలో ఉన్న తెలుగుదేశం సమర్థించింది. బిల్లు సంయుక్త పార్లమెంటరీ సంఘానికి వెళ్లింది.

ఆ బిల్లులో స్థానిక సంస్థలు లేవు. కారణం చిన్నది కాదు. స్థానిక పాలన రాష్ట్ర జాబితాలోని అంశం. దానిని కదపాలంటే సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కావాలని కోవింద్ కమిటీయే చెప్పింది.

సమర్థించేవారి మాట: ఏడాదికోసారి కోడ్, ఏడాదికోసారి ఖర్చు, పనులు ఆగడం తప్పుతుంది. తేదీ ఎవరి చేతిలోనూ ఉండదు కనుక 2020 లాంటి పేచీలకు తావుండదు. ప్రాంతీయ పార్టీల భయం: దేశమంతా ఒకే గాలిలో ఓటేస్తే కాలువ పూడిక, వీధి దీపం, తాగునీటి ట్యాంకు చర్చకే రావు. లోక్‌సభ గెలిచిన ఊపు వంద రోజులు ఉంటుంది, పంచాయతీ కూడా అదే ఊపులో పోతుంది.

చరిత్ర ఏం చెబుతోంది? ఒకేసారి ఎన్నికలనే పాత రోజుల్లో కూడా ఆంధ్ర ప్రాంతం వేరే దారిలో నడిచింది. 1955లో ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు జరిగాయి కనుక 1957లో లోక్‌సభతో పాటు శాసనసభకు ఓటేసింది తెలంగాణ ప్రాంతమే. ఇటువారి శాసనసభ్యులు 1962 దాకా కొనసాగారు. 2003 నవంబరులో చంద్రబాబునాయుడు శాసనసభను రద్దుచేసి త్వరగా ఎన్నికలు కోరుకున్నారు. ఓటర్ల జాబితా సవరణ పూర్తికావాలని ఎన్నికల సంఘం 2004 ఏప్రిల్ దాకా ఆగింది, లోక్‌సభతో కలిపే పెట్టింది. ఫలితం తెలిసిందే. 2018 సెప్టెంబరు 6న కేసీఆర్ సభను రద్దుచేశారు, డిసెంబరు 7న పోలింగ్ జరిగింది, తెలంగాణ లోక్‌సభ వరస నుంచి విడిపోయింది. సభను రద్దుచేసేది ముఖ్యమంత్రి సలహాపై గవర్నర్, ఆ తర్వాత తేదీ ఎన్నికల సంఘానిది. 2002 అక్టోబరులో గుజరాత్‌పై రాష్ట్రపతి పంపిన ప్రశ్నకు సుప్రీంకోర్టు ఇచ్చిన సమాధానం కూడా ఇదే.

ఆంధ్రప్రదేశ్‌లో 1999 నుంచి లోక్‌సభ, శాసనసభ కలిసే నడుస్తున్నాయి. అంటే మన రాష్ట్రానికి సంబంధించినంతవరకు జమిలి కొత్తగా తెచ్చేది పంచాయతీల కలయికే. అదే ఇంకా బిల్లులో లేదు.

సముద్రం అవతల: పార్టీకీ రాష్ట్రానికీ పోరు

తేదీ మీద తగవు మనకే ప్రత్యేకం కాదు. న్యూజెర్సీ, టెక్సాస్‌లలో స్థిరపడిన తెలుగువారికి బాగా తెలిసిన అమెరికా ప్రైమరీలు దీనికి ఇంకో రూపం. అక్కడ అధ్యక్ష అభ్యర్థిని పార్టీ ఎంచుకుంటుంది, కానీ ఎన్నిక తేదీని చాలాచోట్ల రాష్ట్ర చట్టసభ నిర్ణయిస్తుంది. ముందు ఓటేసిన రాష్ట్రానికి పలుకుబడి ఎక్కువ. అందుకే ముందుకు జరగాలని రాష్ట్రాలు, వరస చెడగొట్టవద్దని జాతీయ పార్టీ కమిటీలు కొట్లాడుకుంటాయి.

2008లో మిషిగన్ జనవరి 15న, ఫ్లోరిడా జనవరి 29న ప్రైమరీ పెట్టాయి. నిబంధన మీరారని డెమోక్రటిక్ పార్టీ జాతీయ కమిటీ మొదట ఆ రెండు రాష్ట్రాల ప్రతినిధులందరి ఓటూ తీసేసింది. ఒబామా, హిల్లరీ క్లింటన్ పోటీ నువ్వా నేనా అన్నట్టు సాగడంతో మే 31న ఒక్కొక్కరికి అర ఓటు ఇచ్చి రాజీ చేసింది. 2024లో డెమోక్రాట్లు సౌత్ కరోలినాను ముందు పెట్టారు. మిగతా రాష్ట్రాల కంటే కనీసం వారం ముందు జరపాలని తన చట్టంలోనే రాసుకున్న న్యూ హాంప్‌షైర్ వినలేదు, జనవరి 23న పోలింగ్ పెట్టింది. బైడెన్ పేరు ఆ బ్యాలెట్ మీద లేదు. ఓటర్లు చేత్తో పేరు రాసి గెలిపించారు. నెవాడాలో చట్టం ప్రకారం ఫిబ్రవరి 6న ప్రైమరీ జరిగితే, రిపబ్లికన్ పార్టీ రాష్ట్ర శాఖ తనకు కావాల్సిన పద్ధతిలో 8న వేరే సమావేశాలు పెట్టుకుంది.

అక్కడ పార్టీ శిక్షించగలదు, రాష్ట్రం చట్టం చేయగలదు, ఇద్దరి పైనా మాట చెప్పే కమిషన్ లేదు. మనకు రాజ్యాంగంలోనే కమిషన్ ఉంది. ఇంకో తేడా ఇంతకంటే ముఖ్యమైనది. ముందు ఓటేస్తామని పోటీపడే రాష్ట్రాలు అక్కడ. ఓటే వెనక్కి నెట్టే ప్రభుత్వాలు ఇక్కడ. అభ్యర్థిని ఎంచుకునే దశలో మన ఓటరుకు చోటే లేదు. పరిషత్ ఎన్నికల్లో పార్టీ గుర్తు ఇచ్చే బీ-ఫారం ఎవరికన్నది నాయకుడి ఇంట్లో తేలుతుంది. ఆ ఓటరుకు మిగిలిన హక్కు అయిదేళ్లకోసారి వచ్చే పోలింగ్ ఒక్కటే కనుక, అది సకాలంలో రావడం మనకు ఇంకా అవసరం.

ఆలస్యం ఖరీదు

పాలకవర్గం లేని పంచాయతీకి కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. 15వ ఆర్థిక సంఘం కూడా దీన్ని షరతుగా పెట్టింది. నిధులాగితే మొదట దెబ్బతినేవి పారిశుద్ధ్యం, తాగునీరు, వీధి దీపాలు. ప్రత్యేకాధికారి సాధారణంగా ఒక మండల స్థాయి ఉద్యోగి. సొంత శాఖ పని, దానికి తోడు నాలుగైదు ఊళ్ల బాధ్యత. బిల్లు మీద సంతకం కోసం పంచాయతీ కార్యదర్శి ఆయన చుట్టూ తిరగాలి. ఆయనను నిలదీయడానికి ఊరివాళ్లకు ఓటు లేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు 26 అయినా జిల్లా పరిషత్తులు పాత 13గానే కొనసాగాయి. రాజమహేంద్రవరం జిల్లా కేంద్రమైనా, కోరుకొండ జెడ్పీటీసీ సభ్యుడు సర్వసభ్య సమావేశానికి కాకినాడ వెళ్లాల్సి వచ్చింది. తదుపరి ఎన్నిక జరిగేదాకా ఆ సరిహద్దులు మారవు. తేదీ వెనక్కి జరిగితే ఇలాంటి సర్దుబాట్లన్నీ దాంతోపాటే వెనక్కి పోతాయి.

తేలని ప్రశ్నలు

కమిషనర్‌ను ఎవరు నియమించాలి? ఇప్పుడు గవర్నర్ పేరుతో జరిగే నియామకంలో ప్రభుత్వం మాటే చెల్లుతోంది. 2021 మార్చిలో గోవా కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారికి అదనపు బాధ్యతగా ఈ పదవి ఇవ్వకూడదంది. నిన్నటి ప్రధాన కార్యదర్శి నేడు కమిషనర్ కావడం మీద మాత్రం స్పష్టమైన అడ్డు లేదు. కొంత విరామం తప్పనిసరి చేయాలా అన్నది చర్చించాల్సిన విషయం.

పోలింగ్ ఆగి మళ్లీ మొదలైతే పాత నామినేషన్లు, పాత ఏకగ్రీవాలు ఎంతకాలం చెల్లుతాయి? 2021లో ఏడాది తర్వాత కూడా చెల్లాయి. ఇంకెప్పుడైనా రెండేళ్లయితే? చట్టంలో జవాబు లేదు. సంప్రదింపుకు గడువెంత, ప్రభుత్వం జవాబివ్వకపోతే ఏమవుతుంది? అదీ రాయలేదు. నిజమైన విపత్తులో వాయిదా వేయాల్సి వస్తే కొలమానం ఏమిటన్నదీ అంతే. 2020 మార్చిలో వాయిదా సరైనదేనని లాక్‌డౌన్ వచ్చాక తేలింది. కానీ ఆ నిర్ణయం చెప్పిన తీరు, దానిపై ప్రభుత్వం స్పందించిన తీరు ఆ తర్వాత ఏడాదంతా నిప్పు రాజేశాయి.

వీటన్నిటికంటే పెద్దది సన్నాహాల సంగతి. తేదీ పెట్టే అధికారం కమిషన్‌ది, కానీ వార్డుల విభజన, రిజర్వేషన్ల ఖరారు ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. ఓటర్ల జాబితా శాసనసభ జాబితా మీద ఆధారపడి ఉంది. గోడ గడియారం కమిషన్ ఇంట్లో ఉంది, దాని తాళంచెవి సచివాలయంలో ఉంది. ఈ ఏర్పాటు మారనంతకాలం ఎన్ని తీర్పులొచ్చినా కమిషన్ నోటిఫికేషన్ ఇవ్వలేని స్థితిలోనే గడువు ముగుస్తుంది. ప్రభుత్వం ఎన్నిక ఆపనక్కర్లేదు, రిజర్వేషన్ల జాబితా పంపకుండా ఉంటే చాలు.

అందుకే ఈ వివాదాన్ని తేదీ దగ్గర నుంచి సన్నాహాల దగ్గరికి జరపాలి. పాలకవర్గం గడువు ముగియడానికి ఏడాది ముందు వార్డుల విభజన, ఆరు నెలల ముందు రిజర్వేషన్ల ఖరారు పూర్తికావాలని పంచాయతీరాజ్ చట్టంలో రాయాలి. ఆ తేదీ దాటితే పాత వార్డులతో, 50 శాతం పరిమితిలో కమిషనే ఖరారు చేసుకునే అధికారం ఉండాలి. సురేష్ మహాజన్ తీర్పు ఈ దారి తెరిచిపెట్టింది. రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, జమిలి కోసం ఆగక్కర్లేదు, శాసనసభలో ఒక్క సవరణ బిల్లు చాలు.

2021 ఏప్రిల్‌లో బాధ్యతలు తీసుకున్న ఆంధ్రప్రదేశ్ సర్పంచుల అయిదేళ్లు 2026 ఏప్రిల్‌తో నిండే లెక్క. అధికారంలో ఉన్నా లేకున్నా ప్రతి పార్టీ ఈ సవరణపై తన మాట రాతపూర్వకంగా చెప్పాలి. ఓటు అడగడానికి ఊళ్లోకి వచ్చే ప్రతి నాయకుణ్నీ ఓటర్లు ముందు అడగాల్సింది అదే.